బేసిక్ తక్కువ, బోనస్ ఎక్కువ: ఒక ఫుట్‌బాల్ కాంట్రాక్టు మీద నా కోపం

హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం పేరోల్‌లో. చేరిన వారంలోనే మా సీనియర్ మేడమ్ ఒక మాట చెప్పారు. ఆఫర్ లెటర్ చేతికి రాగానే మొత్తం జీతం చూసి మురిసిపోకు, ముందు బేసిక్ ఎంతో చూడు అని. అప్పట్లో పీఎఫ్ లెక్క బేసిక్, డీఏ మీద, గ్రాట్యుటీ లెక్క కూడా వాటి మీదే, కాబట్టి బేసిక్‌ని కిందకి నొక్కేసి మిగతాదంతా స్పెషల్ అలవెన్స్ అనో ఇంకో పేరుతోనో చూపిస్తే ఉద్యోగికి నెలనెలా చేతికొచ్చేది తగ్గేది కాదు, కంపెనీ కట్టాల్సింది మాత్రం తగ్గేది. ఉద్యోగం చేసిన తెలుగువాళ్ళలో ఈ కిటుకు తెలియనివాళ్ళు తక్కువ. 2022 మార్చిలో డల్లాస్ పక్కన ప్లేనోలో మా ఇంట్లో కూర్చుని ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి కొత్త కాంట్రాక్టు వివరాలు చదువుతుంటే నాకు ఆ మేడమే గుర్తొచ్చారు. అదే కిటుకు. కాకపోతే ఇక్కడ తగ్గించింది పీఎఫ్‌ని కాదు, శిక్షని.

ఆటగాడి పేరు డెషాన్ వాట్సన్. అతని గురించి చెప్పే ముందు, ఈ ఆట చూడనివాళ్ళ కోసం కొంచెం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి కోసం ఒకరిమీద ఒకరు పడే ఆట, లీగ్ పేరు ఎన్ఎఫ్ఎల్, జట్లు 32. సెప్టెంబర్‌లో మొదలై ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్‌తో ఆట అయిపోతుంది, మార్చి మధ్యలో లీగ్‌కి కొత్త సంవత్సరం మొదలవుతుంది. మనకి ఉగాది వచ్చే రోజుల్లోనే వాళ్ళకీ కొత్త ఖాతా పుస్తకం తెరుచుకుంటుంది. కాంట్రాక్టు అయిపోయినవాళ్ళు కొత్త జట్టు వెతుక్కుంటారు, కొందరిని జట్లు వేరే జట్లకి ఇచ్చి బదులుగా డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతులు, తీసుకుంటాయి, కొందరిని తీసేస్తారు. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకీ పర్స్ ఉన్నట్టే ఇక్కడ సాలరీ క్యాప్ ఉంటుంది. 1994లో అది మొదలైనప్పుడు జట్టుకి 3.46 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్ల డాలర్లు.

ఐపీఎల్‌కీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది, అది అర్థం కావడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది. ఎన్ఎఫ్ఎల్‌లో నాలుగేళ్ళ కాంట్రాక్టు అంటే ఆటగాడు నాలుగేళ్ళు కట్టుబడి ఉంటాడు, జట్టు మాత్రం ఉండదు. రెండేళ్ళ తర్వాత నువ్వు వద్దు అనుకుంటే తీసేస్తారు, మిగిలిన రెండేళ్ళ జీతం గాల్లో కలిసిపోతుంది. పేపర్‌లో పెద్ద అక్షరాలతో వచ్చే అంకె ఒకటి, నిజంగా చేతికొచ్చేది ఒకటి. చేతికొచ్చేదాన్ని గ్యారంటీ అంటారు. సంతకం రోజున ఇచ్చే సైనింగ్ బోనస్, ఆపైన ఇన్నేళ్ళు తీసేసినా ఇవ్వాల్సిందే అని రాసిన భాగం, అంతే. అందుకే మార్చి నెలలో ఏ వార్త వచ్చినా నేను మొత్తం అంకె వదిలేసి గ్యారంటీ ఎంతో వెతుకుతాను.

2022 మార్చి 7న లీగ్ ఒక ప్రకటన చేసింది. అట్లాంటా ఫాల్కన్స్ ఆటగాడు కాల్విన్ రిడ్లీ 2021 నవంబర్‌లో ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌ల మీద పందెం కాశాడు, కనీసం 2022 సీజన్ మొత్తం సస్పెన్షన్. అతను ఆ సమయంలో జట్టుతో లేడు, మానసిక ఆరోగ్యం బాగోలేదని చెప్పి ఆటకి దూరంగా ఉన్నాడు. మొత్తం కాసింది 1,500 డాలర్లు అని తనే రాశాడు. లోపలి సమాచారం ఏదీ వాడలేదని, ఏ మ్యాచ్ ఫలితం మీదా దీని ప్రభావం పడలేదని లీగే చెప్పింది. అయినా ఏడాది జీతం, 1 కోటీ 11 లక్షల డాలర్లు, పోయింది.

అప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్ళు. "అమ్మా, పదిహేను వందలకి కోటా?" అని అడిగింది. నేను ఆ రోజు లీగ్ తరఫునే మాట్లాడాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. హైదరాబాద్‌లో అజహరుద్దీన్‌ని దేవుడిలా చూస్తూ పెరిగినదాన్ని, 2000 డిసెంబర్‌లో బీసీసీఐ అతన్ని జీవితకాలం నిషేధించినప్పుడు మా ఇంట్లో నాన్న రెండు రోజులు టీవీ పెట్టనివ్వలేదు. పన్నెండేళ్ళ తర్వాత 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. కోర్టు కొట్టేసినా, ఆ పన్నెండేళ్ళలో చూసిన ప్రతి మ్యాచ్‌లోనూ ఒక అనుమానం పక్కనే కూర్చుంది. పందెం ఆటకి చేసే నష్టం అదే. ఇప్పుడు మన ఊళ్ళల్లో బెట్టింగ్ యాప్‌లు కుటుంబాలని ఎలా నాశనం చేస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. కాబట్టి రిడ్లీకి శిక్ష పడకూడదని నేను అనను. పడాలి.

అయితే, అదే లీగ్ 2021 ఏప్రిల్‌లో సీజర్స్, డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయెల్ అనే మూడు బెట్టింగ్ సంస్థలని అధికారిక భాగస్వాములుగా చేర్చుకుంది. మేముండే టెక్సాస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధం కాదు, అయినా ఆదివారం మ్యాచ్ పెడితే ఆ ప్రకటనలు మా హాల్లోకి వస్తాయి, మా పిల్లలు చూస్తారు. ఇది పక్కన పెడుతున్నాను, దీని మీద విడిగా రాయాలి.

రిడ్లీ వార్త వచ్చి పదకొండు రోజులైంది. మార్చి 18న క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ హ్యూస్టన్ టెక్సన్స్ నుంచి డెషాన్ వాట్సన్‌ని తీసుకుంది. బదులుగా మూడు మొదటి రౌండ్ పిక్‌లు, వాటితో పాటు ఇంకొన్ని. అతని మీద అప్పటికి ఇరవై మందికి పైగా మహిళలు, మసాజ్ థెరపిస్టులు, సివిల్ కేసులు వేసి ఉన్నారు. మసాజ్ సెషన్లలో లైంగికంగా వేధించాడన్నది ఆరోపణ. అతను కాదన్నాడు. టెక్సాస్‌లో ఒక గ్రాండ్ జ్యూరీ, అంటే క్రిమినల్ కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం, వారం ముందే క్రిమినల్ అభియోగం నమోదు చేయక్కర్లేదంది, రెండోది తర్వాత వారంలో అదే చెప్పింది. మొదటి జ్యూరీ మాట వచ్చిన రోజు నుంచే నాలుగు జట్లు అతని కోసం పోటీ పడ్డాయి. ఆ నాలుగింటిలో అట్లాంటా ఫాల్కన్స్ ఒకటి. పందెం కాసిన తమ ఆటగాడిని ఏడాదికి పోగొట్టుకుని ఇంకా రెండు వారాలు కాని జట్టు.

బ్రౌన్స్ ఇచ్చింది ఐదేళ్ళకి 23 కోట్ల డాలర్లు, ప్రతి డాలరూ గ్యారంటీ. ఎన్ఎఫ్ఎల్‌లో అంత గ్యారంటీ అంతకు ముందు ఎవరికీ రాలేదు. ఇక మా మేడమ్ చెప్పిన పని చేద్దాం, బేసిక్ చూద్దాం. 2022 సంవత్సరానికి అతని బేస్ సాలరీ 10 లక్షల 35 వేల డాలర్లు. ఆ ఏడాది వచ్చే మిగతా డబ్బు, దాదాపు నాలుగున్నర కోట్లు, సైనింగ్ బోనస్. 2023 నుంచి బేస్ ఒక్కసారిగా 4.6 కోట్లు.

ఎందుకలా? సస్పెన్షన్ పడితే ఆటగాడు పోగొట్టుకునేది ఆ వారాల బేస్ సాలరీని, సైనింగ్ బోనస్‌ని కాదు. 2022లో సస్పెన్షన్ వస్తుందని అందరికీ తెలుసు, దేశమంతా దాని గురించే మాట్లాడుతోంది. ఏ ఏడాది శిక్ష వస్తుందో ఆ ఏడాది బేస్‌ని నేలకి దించి రాశారు. మా కాంట్రాక్టులన్నీ మొదటి ఏడాది ఇలాగే ఉంటాయి అని జట్టు అంది. ఆ మాట నిజమే కావచ్చు, మిగతా ఆటగాళ్ళకీ మొదటి ఏడాది బేస్ తక్కువ పెట్టి ఉండొచ్చు. కానీ నేను పదిహేనేళ్ళు జీతాల పట్టికలు చూశాను. ఒక పద్ధతి వల్ల ఎవరికి ఎంత మిగులుతుందో తెలిసే రాసినప్పుడు, అది మా పాత పద్ధతి అంటే జవాబు అయిపోదు.

చివరికి 11 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. వారానికి 57,500 చొప్పున పదకొండు వారాలకి పోయిన జీతం 6,32,500 డాలర్లు. దానికి తోడు 50 లక్షల జరిమానా. అదే ఆ 23 కోట్లని ఐదేళ్ళకి సమానంగా పంచి, ఏడాదికి 4.6 కోట్లు అనుకుని, సీజన్‌లోని పద్దెనిమిది వారాలకి భాగించి, పదకొండు వారాలు కోసి ఉంటే 2 కోట్ల 81 లక్షలు పోయేది. ఈ లెక్క నేను మా అమ్మాయి చేత చేయించాను. తను కాలిక్యులేటర్ మీద రెండుసార్లు చేసింది, మొదటిసారి తప్పు చేశానేమో అనుకుని.

ఆ పదకొండు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 2020లో లీగ్, ఆటగాళ్ళ సంఘం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఇలాంటి కేసుల్లో ముందు ఇద్దరూ కలిసి నియమించిన ఒక అధికారి విని తీర్పు చెప్పాలి. మాజీ ఫెడరల్ జడ్జి స్యూ రాబిన్సన్ ముందుకి వచ్చిన మొదటి కేసు ఇదే. లీగ్ నలుగురు మహిళల విషయం ఆమె ముందు పెట్టింది, నాలుగింటిలోనూ అతను నియమాలు ఉల్లంఘించాడని ఆమె తేల్చారు, ఆ ప్రవర్తన లీగ్ అప్పటిదాకా విచారించిన వాటన్నిటికంటే తీవ్రమైందని కూడా రాశారు. అంతా రాసి ఆరు మ్యాచ్‌లు వేశారు. పాత శిక్షల వరస చూస్తే ఇంతకంటే వేయలేను అన్నది ఆమె వాదన. అంటే పాతవన్నీ తక్కువ శిక్షలు కాబట్టి దీనికీ తక్కువే. దీని మీద లీగ్ అప్పీలు చేసింది, అప్పీలు వినేది మళ్ళీ లీగ్ అధిపతి అయిన కమిషనరో, ఆయన పెట్టిన మనిషో. ఆ తీర్పు రాకముందే రెండు వర్గాలూ పదకొండు దగ్గర రాజీ పడ్డాయి. ఈ బేరమంతా లీగ్‌కీ, ఆటగాడికీ మధ్య. కేసు వేసిన మహిళల మాట అక్కడ ఎవరూ అడగలేదు.

మా ఆయన ఇక్కడ నాతో ఒప్పుకోరు. రెండు జ్యూరీలు కేసు వద్దన్నాక ఒక మనిషి పొట్ట కొట్టే హక్కు ఎవరికుంది అంటారు. ఆయన ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు, మన దగ్గర ఆరోపణ వచ్చినంత మాత్రానే ఉద్యోగాలు పోయినవాళ్ళు మా ఇద్దరికీ తెలుసు. కానీ జైలుకి పంపడానికి కావాల్సిన రుజువు వేరు, ఉద్యోగంలో క్రమశిక్షణకి కావాల్సిన రుజువు వేరు. ఆఫీసులో ఇంత జరిగితే పోలీసులు కేసు పెట్టలేదు కాబట్టి హెచ్ఆర్ నోరు మూసుకోవాలని ఎవరూ అనరు. పైగా ఇక్కడ ఆరోపణ దగ్గరే ఆగలేదు. ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న జడ్జి విని తప్పు జరిగిందని తేల్చారు. తప్పు తేలాక శిక్ష తగలాల్సిన చోట తగలకుండా ముందే గోడ కట్టి పెట్టారన్నదే నా గొడవ.

నాకు ఇంకోటి కూడా కనిపిస్తోంది, శిక్షల వేగం. 2024 మార్చి 30న, ఇది కూడా ఆట లేని రోజుల్లోనే, కాన్సాస్ సిటీ చీఫ్స్ ఆటగాడు రషీ రైస్ డల్లాస్‌లో యూఎస్ 75 హైవే మీద లాంబోర్గినీలో గంటకి 119 మైళ్ళ వేగంతో పోయి చాలా కార్ల ప్రమాదానికి కారణమయ్యాడు. మనుషులకి దెబ్బలు తగిలాయి. ఎవరికెలా ఉందో చూడకుండా అక్కడి నుంచి నడిచి వెళ్ళిపోయాడు. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఆ 75 మీదే, ఇంకొంచెం ఉత్తరాన. ఆ వీడియో మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదే రాత్రి తిరిగింది, ఎవరెవరు ఆ సమయంలో రోడ్డు మీద ఉన్నారో అని అందరం టెన్షన్ పడ్డాం. ఆ సెప్టెంబర్‌లో అతను మామూలుగా మైదానంలోకి దిగాడు, మోకాలికి దెబ్బ తగిలేదాకా నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. 2025 జూలైలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 30 రోజుల జైలు, ఐదేళ్ళ ప్రొబేషన్. లీగ్ ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ ప్రకటించింది ఆగస్టులో. ప్రమాదం జరిగి పదిహేడు నెలలు.

కోర్టు తేల్చేదాకా ఆగాం అంటారు. సరే. మరి పందెం విషయంలో? నవంబర్‌లో జరిగినదానికి మార్చి మొదటి వారానికల్లా ఏడాది శిక్ష వేసేశారు, ఏ కోర్టూ అక్కర్లేకపోయింది. తన వ్యాపారానికి దెబ్బ తగిలే తప్పు అయితే లీగ్‌కి కళ్ళు ఉంటాయి, చెవులు ఉంటాయి, వేగం ఉంటుంది. మనుషులకి దెబ్బ తగిలే తప్పు అయితే కోర్టు ఏం చెబుతుందో చూద్దాం అంటుంది. 2014 చూడండి. క్లీవ్‌ల్యాండ్‌కే ఆడే జాష్ గోర్డన్‌కి గంజాయి పరీక్షలో దొరికినందుకు ఏడాది సస్పెన్షన్. తన కాబోయే భార్యని కొట్టి స్పృహ తప్పించిన బాల్టిమోర్ ఆటగాడు రే రైస్‌కి రెండు మ్యాచ్‌లు. నేను సరిగ్గా చేయలేదు అని కమిషనర్ రోజర్ గుడెల్ ఆగస్టులో ఒప్పుకున్నాడు, సెప్టెంబర్ 8న ఎలివేటర్‌లో అతను ఆమెని కొట్టిన వీడియో బయటకొచ్చాక ఆ రెండు కాస్తా నిరవధికం అయింది, అదే తప్పుకి రెండు శిక్షలేమిటని నవంబర్‌లో ఒక మాజీ జడ్జి దాన్నీ కొట్టేసింది. తప్పు మారలేదు. జనం కళ్ళతో చూశారు, అంతే మారింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం. వాట్సన్ కాంట్రాక్టు మీద మిగతా జట్ల యజమానులు నిజంగానే మండిపడ్డారు. దేని మీద? ఆ మహిళల విషయంలో కాదు, గ్యారంటీ విషయంలో. అదే మార్చి చివర యజమానుల సమావేశంలో బాల్టిమోర్ రేవెన్స్ యజమాని స్టీవ్ బిషాటీ విలేకరులతో, వాళ్ళు ఆ కాంట్రాక్టు మొత్తానికి గ్యారంటీ ఇవ్వకుండా ఉంటే బాగుండేదని, ఇక మిగతావాళ్ళతో బేరం కష్టమవుతుందని బాహాటంగానే అన్నాడు. అతని దగ్గరే లమార్ జాక్సన్ ఉన్నాడు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు గెలిచిన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టుని నడిపించేవాడు, ఏజెంటు లేకుండా తన కాంట్రాక్టు తనే మాట్లాడుకునేవాడు. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడిని ఇంకో ఏడాది అట్టిపెట్టుకోవడానికి జట్టు పెట్టేదాన్ని ట్యాగ్ అంటారు. 2023 మార్చిలో రేవెన్స్ అతని మీద ఏ రకం ట్యాగ్ పెట్టిందంటే, వేరే జట్టు ఏదైనా రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చి తీసుకుపోవచ్చు. వాట్సన్ కోసం మూడు ఇచ్చిన మార్కెట్ అది. లమార్ మీద ఏ కేసూ లేదు. ఒక్క జట్టు కూడా ఆఫర్ ఇవ్వలేదు. మాకు అక్కర్లేదు అన్న కబుర్లు ఒకదాని వెనక ఒకటి గంటల్లో వచ్చాయి, అందులో ఫాల్కన్స్ కూడా ఉంది, అంతకు ముందు ఏడాది వాట్సన్ కోసం క్యూలో నిలబడిన అదే ఫాల్కన్స్. చివరికి ఏప్రిల్‌లో అతను రేవెన్స్‌తోనే ఐదేళ్ళకి 26 కోట్లకి సంతకం పెట్టాడు, గ్యారంటీ 18.5 కోట్లు. పెద్ద డబ్బే, ఎవరూ కాదనరు. కానీ పూర్తి గ్యారంటీ అనే తలుపు అక్కడితో మూసుకుంది.

ఆటగాళ్ళ సంఘం దీన్ని జట్ల కుమ్మక్కు అంటూ మధ్యవర్తి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ తీర్పు 2025 జనవరిలో వచ్చింది, నెలల తరబడి బయటికి రాలేదు, జూన్‌లో పాబ్లో టోరే అనే విలేకరి తన పాడ్‌కాస్ట్‌లో బయటపెట్టాడు. 61 పేజీలు. మధ్యవర్తి క్రిస్టఫర్ డ్రోనీ కుమ్మక్కు జరిగిందనడానికి చాలినంత రుజువు లేదన్నాడు. కానీ 2022 మార్చి సమావేశంలో గ్యారంటీలు తగ్గించమని లీగ్ యంత్రాంగం, కమిషనర్ ఆశీస్సులతో, 32 జట్లనీ ప్రోత్సహించిందనడంలో సందేహం పెద్దగా లేదని రాశాడు. ఆ వాక్యం చదివి నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. ఇరవై మందికి పైగా మహిళలు ముందుకి వస్తే ఆ గదిలో కూర్చున్నవాళ్ళు కాంట్రాక్టులో ప్రమాదం చూసింది గ్యారంటీలోనా!

గ్యారంటీ చెడ్డది కాదు. అది ఆటగాళ్ళకి రావాల్సిన హక్కు. అది పూర్తి స్థాయిలో వచ్చింది తప్పు మనిషి చేతికి, దాంతో ఆ హక్కు పేరే చెడిపోయింది. ఇప్పుడు ఎవరైనా పూర్తి గ్యారంటీ అడిగితే వాట్సన్ గతి చూడలేదా అంటారు. అతను అక్కడ మూడు సీజన్లలో ఆడింది 19 మ్యాచ్‌లు. 2023లో భుజం, 2024 అక్టోబర్‌లో మడమ దగ్గరి అఖిలిస్ టెండన్, 2025 జనవరిలో అదే మళ్ళీ తెగింది. ఆ నిర్ణయం పూర్తిగా గురి తప్పిందని బ్రౌన్స్ యజమాని జిమ్మీ హాస్లమే ఒప్పుకున్నాడు. అతనికి గాయమైనా జీతం ఆగకుండా వస్తోంది కదా అని మా ఆయన అంటే నేను వాట్సన్ తరఫున మాట్లాడాను, ఆయన ఆశ్చర్యపోయారు. ఆట ఆడుతూ కాలు విరిగితే జీతం రావాలి. అది ఎవరికైనా రావాలి. అతనికి రావడం తప్పు కాదు, మిగతావాళ్ళకి రాకపోవడం తప్పు.

మిగతావాళ్ళు అంటే ఎవరో చెప్పడానికి ఒక్క పేరు చాలు. 2023 జనవరి 2న సిన్సినాటిలో బఫెలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఎదుటి ఆటగాడిని పట్టి పడగొట్టిన ఒక ట్యాకిల్ తర్వాత లేచి నిలబడి వెనక్కి పడిపోయాడు. గుండె ఆగిపోయింది. మైదానంలోనే సీపీఆర్ చేశారు. 24 ఏళ్ళ కుర్రాడు. మేం హాల్లో నిలబడిపోయాం, మా అమ్మాయి నా చేయి వదల్లేదు. అతను బతికాడు, మళ్ళీ మైదానంలోకి దిగాడు కూడా. తర్వాత కొద్ది రోజులకి అతని కాంట్రాక్టు సంగతి బయటికొచ్చింది. దాన్ని స్ప్లిట్ కాంట్రాక్టు అంటారు, గాయపడి రిజర్వ్ జాబితాలోకి వెళ్తే జీతం దాదాపు సగానికి పడిపోయేలా రాసి ఉంటుంది. దేశమంతా చూస్తోంది కాబట్టి జట్టు, లీగ్ మాట్లాడుకుని అతనికి పూర్తి జీతం ఇచ్చాయి. మంచి పని. కెమెరా లేని చోట, ప్రాక్టీసులో, మోకాలు పోయిన ఆటగాడికి మాత్రం ఆ స్ప్లిట్ అక్షరాలా అమలవుతుంది. వాట్సన్ సస్పెన్షన్ ముగించుకుని తిరిగొచ్చింది 2022 డిసెంబర్ 4న, మళ్ళీ హ్యూస్టన్‌లోనే. హామ్లిన్ పడిపోయింది దానికి సరిగ్గా 29 రోజుల తర్వాత. ఒకడికి తప్పు చేసినట్టు తేలినా డబ్బు పోకుండా కాపలా కాసే కాంట్రాక్టు, ఇంకొకడికి గుండె ఆగిపోతే జీతం కోసే కాంట్రాక్టు. రెండూ ఒకే లీగ్ ఆమోదించిన కాగితాలు, ఒకే సీజన్‌వి.

అందరికీ గ్యారంటీ ఇస్తే జట్లు మునిగిపోతాయి అనేది పాత పాట. ఇది గాయాల ఆట, ఎవరెప్పుడు పడిపోతారో తెలియదు, కాబట్టి ఇవ్వలేం అంటారు. గాయాల ఆట కాబట్టే ఇవ్వాలి కదా! బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ కాంట్రాక్టులు చాలావరకు గ్యారంటీతోనే నడుస్తున్నాయి, ఆ లీగ్‌లు మునగలేదు. 2021లో ఎన్ఎఫ్ఎల్ కుదుర్చుకున్న టీవీ ఒప్పందాల విలువ 11 ఏళ్ళకి దాదాపు 11,000 కోట్ల డాలర్లు. గ్రీన్‌బే ప్యాకర్స్‌కి ఒక్క యజమాని లేడు, వాటాలు కొన్న మామూలు జనమే యజమానులు కాబట్టి ఏటా లెక్కలు బయటపెడుతుంది, ఆ లెక్కల్లో లీగ్ ఉమ్మడి ఆదాయం నుంచి ఒక్కో జట్టుకి వచ్చే వాటా ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటింది. టికెట్ ఒక్కటి కూడా అమ్మకముందే ఆ డబ్బుతో ఆటగాళ్ళ జీతాలన్నీ తీరిపోతాయి.

యజమానుల క్రమశిక్షణ గురించి రెండు ముక్కలే. వాషింగ్టన్ జట్టు యజమాని డాన్ స్నైడర్ హయాంలో మహిళా ఉద్యోగుల వేధింపుల మీద ఏళ్ళ తరబడి విచారణలు నడిచాయి. 2023 జూలైలో లీగ్ అతనికి 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అదే రోజు జట్టుని 605 కోట్ల డాలర్లకి అమ్ముకోవడానికి అనుమతిచ్చింది. 1999లో అతను కొన్నది 80 కోట్లకి.

ఇంతకీ నేనడిగేది ఏమంటే, సస్పెన్షన్‌లో కోసే డబ్బుని ఆ ఏడాది బేస్ మీద కాదు, కాంట్రాక్టు మొత్తం మీద సగటు తీసి కోయాలి. అప్పుడు ఏ లాయరూ బేస్‌ని ఎక్కడ దాచినా ఉపయోగం ఉండదు. 2030 సీజన్ దాకా నడిచే ఇప్పటి ఒప్పందం మీద మళ్ళీ మాట్లాడుకునే రోజు వస్తుంది, ఆటగాళ్ళ సంఘం ఆ బల్ల దగ్గర ఇది తనే ముందు పెట్టి, దానికి బదులుగా స్ప్లిట్ కాంట్రాక్టుల రద్దు, కనీస జీతం వాళ్ళకి గాయం గ్యారంటీ అడగాలి. సంఘం ఏ శిక్షనైనా తగ్గించడానికే ఉందన్న పేరు దానికి మంచిది కాదు, వాట్సన్ పక్కన నిలబడి ఆరు మ్యాచ్‌లు చాలు అన్న రోజున హామ్లిన్ లాంటి వందల మంది బేరం బలహీనపడింది. తప్పు చేస్తే నిజంగా కోయండి, తప్పు చేయకపోతే కోయకండి అని అడిగే సంఘం మాటకి బరువు ఉంటుంది. జరిమానా డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. వాట్సన్ 50 లక్షలకి లీగ్, బ్రౌన్స్ చెరో 10 లక్షలు కలిపి స్వచ్ఛంద సంస్థలకి అన్నారు. అది వేరే మంచి పని. ఆ మసాజ్ గదుల్లోకి పనిచేసుకోవడానికి వెళ్ళిన ఆడవాళ్ళలో కొందరు ఆ పనే మానేశారని చదివాను. వాళ్ళ పోయిన జీతం ఏ పట్టికలోనూ లేదు.

రిడ్లీ ఏమయ్యాడో చెప్పలేదు కదా. 2023 మార్చి 6న, శిక్ష పడి ఏడాదికి ఒక రోజు తక్కువలో, లీగ్ అతన్ని తిరిగి రానిచ్చింది. అప్పటికే జాక్సన్‌విల్ అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌లో బంతి అందుకుని మొత్తం వెయ్యి గజాలు దాటాడు, 2024 మార్చిలో టెన్నెసీతో నాలుగేళ్ళకి 9.2 కోట్ల కాంట్రాక్టు వచ్చింది. ఆ వార్త నాకు చెప్పింది మా అమ్మాయే, స్కూల్ నుంచి మెసేజ్ పెట్టింది. మొత్తం ఎంతో రాసి, కింద ఇంకో లైన్ రాసింది: "గ్యారంటీ ఎంతో ఇంకా తెలీదు, తెలిశాక చెప్తా."